మౌనాంబ పలికిన పట్నం

కనుమదారి చివరి మలుపు తిరిగేసరికి పొద్దు బారెడెక్కింది. భుజాన కావడి, గుండు చేయించుకున్న తల, ఒళ్ళంతా విభూతి. తెలిసినవాళ్ళు ఎదురొచ్చినా పోల్చుకోలేని ఆ యాత్రికుడి వేషంలో కొమ్మన ఒక్క క్షణం ఆగి, ఐదేళ్ళ కిందట విడిచి వెళ్ళిన మణిసానువు నగరాన్ని చూశాడు.

ఏడు కోటగోడలు ఎర్రతామర రేకుల్లా ఒకదాని లోపల ఒకటి విచ్చుకుని కొండను పొదివి పట్టుకున్నాయి. గోడగోడకూ పగడపు రంగు బురుజులు, బురుజుల నడుమ చంద్రకాంత శిలల మేడలు. ఆ మేడల మీదుగా తెల్లపావురాల గుంపులు జలతారు ముసుగులా లేచి మళ్ళీ వాలుతున్నాయి. అన్నిటికీ పైన, మబ్బును ఒరుసుకుంటూ, మౌనాంబ కోవెల బంగారు శిఖరం. ఆ సౌందర్యం చూస్తూ నిలబడి దారి మరిచిన బాటసారుల కథలు సముద్రం అవతల తామ్రద్వీపంలో కూడా చెప్పుకుంటారు.

అయినా కొమ్మన తల పక్కకు వంచి ఆలకించాడు. అతను గంటలు పోతపోసే కంచరి. కంటికన్నా చెవి ముందు పనిచేస్తుంది. నూట ఎనిమిది కోవెలలున్న ఊళ్ళో, ఉదయపు పూజల వేళ, ఒక్క గంటైనా మోగడం లేదు.

కంచులో రాగి, తగరం కలిపే కొత్త పాళ్ళు నేర్చుకుందామని తామ్రద్వీపం వెళ్ళిన అతనికి ఓడవాళ్ళ నోట ఆ కబురు అందింది. మణిసానువులో దేవత మాట్లాడుతోందట.

ఆ తల్లి పేరే మౌనాంబ. తరతరాలుగా నగర ప్రజలు తమ కష్టసుఖాలు ఆ కంచు విగ్రహం ముందు చెప్పుకుని, జవాబు కోసం చూడకుండా ఇళ్ళకు వెళ్ళి ఎవరి పని వాళ్ళు చేసుకునేవారు. అదే వాళ్ళకు తెలిసిన భక్తి. ఏడెనిమిది నెలల కిందట జ్వాలాకేతుడనే తాపసి ఉత్తరదిక్కు నుంచి వచ్చి, గర్భగుడి తలుపులు మూయించి, నలభై రోజులు లోపల ఏవో పూజలు చేశాడు. నలభై ఒకటో నాడు తలుపులు తెరిస్తే దేవత నోరు విప్పింది. రాజు మొదలు కోట కాపలావాడి దాకా అందరూ సాగిలపడ్డారు. ఇంటి దేవుళ్ళను వీధిలో పారేయమంది, పారేశారు. గంటలు దింపి గోతుల్లో పూడ్చమంది, పూడ్చారు. కంచరుల ఏడు కుటుంబాలనూ వెళ్ళగొట్టమంది, వెళ్ళగొట్టారు. ఇక పక్షానికొకసారి ఒక పేరు పలుకుతుంది. ఆ పేరుగల మనిషి నడిమధ్యాహ్నం గర్భగుడిలోకి వెళ్ళి, మూగవాడై బయటికి వస్తాడు.

ఈసారి పలికిన పేరు నాగసానిది. కొమ్మనకు పదేళ్ళప్పుడు తండ్రి కొలిమి పేలి చనిపోతే అతన్ని తీసుకొచ్చి తన కంచంలో అన్నం పెట్టి పెంచిన నాగసాని. మజిలీ సత్రంలో ఆ మాట విన్నప్పటి నుంచి అతను ఎక్కడా ఆగలేదు.

కోటవాకిలి ముందు నాలుగు దారుల కూడలిలో ఒక గుట్ట కనిపించింది. దగ్గరికి వెళితే అది రాళ్ళగుట్ట కాదు. చెక్క వినాయకులు, మట్టి అమ్మవార్లు, పసుపు పూసిన గుండ్రాళ్ళు, చేతులు విరిగిన ఇంటి వేలుపులు. ఒక ముసలివాడు వాటి మీద మేకలు ఎక్కకుండా కర్రతో అదిలిస్తూ కూర్చున్నాడు. అతని పని అదేమీ కాదు. ఎవరూ చెప్పకుండానే కూర్చున్నట్టున్నాడు.

"అమ్మ పలుకు విన్నావా?" వాకిట భటుడు అడిగాడు.

"వినడానికే వచ్చాను బాబూ."

"చేతులు చాపు." ఆ మాట భటుడిది కాదు. వెనక నుంచి వచ్చింది. కోట దళవాయి రేచన ముందుకొచ్చి, కొమ్మన అరచేతులు పట్టుకుని తిప్పి చూశాడు. విభూతి కింద కాలిన మచ్చలు, కరిగిన కంచు చిందితే పడే గుండ్రటి మచ్చలు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే వీధిలో పెరిగారు.

రేచన మొహం మారలేదు. "ఇతన్ని నేను సోదా చేస్తాను," అని భటులతో చెప్పి బురుజు వెనక్కి తీసుకుపోయాడు.

"ఎందుకొచ్చావురా? కంచరివాడు కనబడితే అక్కడికక్కడే నరకమని ఆజ్ఞ."

"నాగసానమ్మ కోసం."

"ఆమె ప్రాణానికేం భయం లేదు. మాట ఒక్కటే పోతుంది. మౌనప్రసాదం అంటారు దాన్ని. కొండ వెనక లోయలో పర్ణశాలలు కట్టించారు. వేళకు తిండి పెడతారు."

"నువ్వది నమ్ముతున్నావా రేచనా?"

రేచన కత్తి పిడి మీద వేళ్ళు ఆడించాడు. "గౌరమ పోయింది. నువ్వు దేశంలో లేవు. కాన్పులో, బిడ్డతో సహా. మూడేళ్ళు నేను ఇంటికి వెళ్ళి దీపం పెట్టుకోలేదు. ఆరు నెలల కిందట అమ్మ ముందు నిలబడితే గౌరమ గొంతుతో పలకరించింది. 'ఏమయ్యా, అన్నం తిన్నావా' అంది. ఏది నమ్మాలో నువ్వు నాకు చెప్పకు." అతని గొంతు తగ్గింది. "మధ్యాహ్నం దాకా నిన్ను చూడలేదనుకుంటాను. స్నానం చేయించే యాత్రికుల్లో కలిసి ఆమె కాళ్ళకు దండం పెట్టుకుని వెళ్ళిపో. అమ్మకు ద్రోహం తలపెట్టావంటే నిన్ను నరికేది నేనే."

కోవెల ముఖమండపంలో నాగసానిని రాతిపీట మీద కూర్చోబెట్టారు. పేరు వచ్చినవారికి పసుపునీళ్ళు పోస్తే పుణ్యమని యాత్రికులు బారులు తీరారు. నలభై ఏళ్ళు కోవెల దీపాల వత్తులు ఎగదోసి ఎగదోసి ఆమె వేళ్ళ కొసలు నల్లబడి ఉన్నాయి. దేవత పలికిన మొదటిరోజునే ఆమె నూనెకుండ కింద పెట్టేసి, "ఇది మా తల్లి గొంతు కాదు," అని ఇంటికి వెళ్ళిపోయింది. నగరానికి ఆమె మీద ఉన్న ప్రేమకు జడిసి జ్వాలాకేతుడు ఇన్నాళ్ళూ ఊరుకున్నాడు.

కొమ్మన వంతు వచ్చింది. చెంబుతో నీళ్ళు పోసి వంగి ఆమె పాదాలు పట్టుకున్నాడు. ఆ కాలిన చేతుల గరుకు తగలగానే ఆమె కాలివేళ్ళు ముడుచుకున్నాయి.

"తల ఎత్తకు నాయనా," అంది పెదవులు కదలకుండా. "చిక్కిపోయావు."

"వెనక మెట్లదారి నాకు తెలుసు. లే, పోదాం."

"నేను పారిపోతే ఆ గొంతే నిజమని తేలుతుంది."

"అదేమిటమ్మా లోపల? మనిషా, మాయా?"

"నాకేం తెలుసు? మా ఆయన పోయిన రోజు ఆ తల్లి ముందు కూర్చుని పొద్దుగూకేదాకా ఏడ్చాను. ఒక్క మాట అనలేదు. నేను ఏడ్చినంతసేపూ విన్నది. లేచి ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకున్నాను. ఇప్పుడు చూడు, ఎవరికి కావలసిన గొంతు వాళ్ళకు అమ్ముతోంది. మా తల్లి అంగడి పెట్టదు." నీళ్ళు కారుతున్న మొహాన్ని ఆమె తుడుచుకోలేదు. "మీ తాత పోసిన విగ్రహం. లోపలికి దారి మీ ఇంటివాళ్ళకు తెలియకుండా ఉంటుందా?"

"అమ్మ వాహనం సింహం పొట్ట కింద ఉంది. పోత అయ్యాక లోపలి మట్టి తవ్వి తీసిన రంధ్రం. అభిషేకం నీళ్ళు పోయే తూములోంచి పాకి వెళ్ళాలి." కొమ్మన ఆగాడు. "లోపల ఏదైనా ఉంటే, విగ్రహాన్ని పగలగొట్టాల్సి వస్తే?"

వెనక యాత్రికుడు తొందరపెట్టి గొణుగుతున్నాడు. నాగసాని ఒక్కసారి గర్భగుడి వైపు చూసింది.

"పగలగొట్టు. పగిలేది కంచే. ఇంకోమాట. మూగవాళ్ళయిన వాళ్ళంతా దానికి బదులు చెప్పినవాళ్ళే. ఏం విన్నా సరే, నువ్వు లోపల నోరు తెరవకు."

కోవెల ఉత్తరపు గోడ కింద, తీగలు కమ్మిన చోట, తూము నోరు మొసలి తల ఆకారంలో ఉంది. కొమ్మన కావడి బుట్టలో మారేడు దళాల అడుగు నుంచి తండ్రి సుత్తి తీసి మొలలో దోపుకున్నాడు. చెంబు చేతబట్టుకుని, ఎవరూ చూడకుండా మొసలి నోట్లోకి దూరాడు. లోపల పాచి, పాలు విరిగిన వాసన. మోచేతుల మీద ఇరవై బారలు పాకేసరికి తూము రెండుగా చీలింది. అక్కడ ఏదో ఊపిరి పీలుస్తోంది.

పైన రాతి సందుల్లోంచి జారిన సన్నటి వెలుగులో ఆ జంతువు కనబడింది. దూడంత ఉడుము. కళ్ళున్న చోట తోలు మూసుకుపోయి ఉంది. చెవులు మాత్రం ఏనుగు చెవుల్లా విప్పారి, ఒక్కో నీటిచుక్క చప్పుడుకూ అటూ ఇటూ తిరుగుతున్నాయి. కొమ్మన మోకాలి కింద చిన్న రాయి కదిలింది. మెరుపులా ఉడుము నాలుక వచ్చి అతని భుజం పక్కన గోడను నాకింది. నాలుక తగిలిన చోట రాయి పొగలు కక్కింది. అతను ఊపిరి బిగబట్టి, చెంబును ఎడమ తూములోకి విసిరాడు. రాగి చెంబు రాళ్ళ మీద ఖంగుఖంగుమంటూ దొర్లుకుపోయింది. ఉడుము దాని వెంట పడింది. ఆ చప్పుడు ఆగేలోపల కొమ్మన కుడి తూములో పాకి, తలకు తగిలిన కంచురేకును ఎడమకు తిప్పి, విగ్రహం కడుపులోకి లేచి నిలబడ్డాడు.

లోపల రెండు నిలువుల ఎత్తు. దేవత కనుగుడ్ల దగ్గర వదిలిన రంధ్రాల్లోంచి రెండు వెలుగు కడ్డీలు ఏటవాలుగా దిగుతున్నాయి. ఆ వెలుగులో, విగ్రహం లోపలి గోడల చుట్టూ, వెంట్రుకల తాళ్ళతో వేలాడుతూ తెల్లటి శంఖాలు. ఒక్కొక్కటీ నిద్రపోయే మనిషి రొమ్ములా మెల్లగా కదులుతోంది. దగ్గరి శంఖంలోంచి ఎవరో ఆడమనిషి జోలపాట అస్పష్టంగా వినిపించింది. ఇంకొకదానిలో ఒక ముసలాయన లెక్కలేనన్నిసార్లు ఒకే పేరు పిలుస్తున్నాడు. మూగవాళ్ళ మాటలన్నీ అక్కడున్నాయి.

పైన, దేవత తల లోపల, గబ్బిలంలా నక్కి ఉంది ఒక ఆకారం. బూడిదరంగు ఒళ్ళు, మొహం నిండా చెవులు. నోరున్న చోట ఎండిన చీలిక. దానికి సొంత గొంతు లేదు. వేళ్ళతో ఈ శంఖంలోంచి కొంత, ఆ శంఖంలోంచి కొంత గొంతు దారంలా లాగి, పేని, విగ్రహం పెదవుల సందులోంచి బయటికి వదులుతోంది.

"నాగసానీ, నన్ను నమ్మావా?"

తేనె పోసినట్టున్న ఆ స్వరానికి బయట వేలమంది ఒక్కసారిగా నేలమీద పడిన చప్పుడు వినిపించింది. కొమ్మన విగ్రహం లోపలి మెట్టు ఎక్కి, మెడలోని నగల సందులోంచి చూశాడు. నాగసాని తడిబట్టలతో దేవత ఎదుట నిలబడి ఉంది. పక్కన నెత్తురు రంగు పట్టుబట్టలో జ్వాలాకేతుడు. పాముచుట్టల్లాంటి జడలు, పసుపుపచ్చటి ఒంటికన్ను, చేతిలో ఖాళీ శంఖం. రాజు గడప అవతల చేతులు జోడించి నిలబడ్డాడు.

నాగసాని జవాబు చెప్పలేదు.

"నన్ను నమ్మావా?" మళ్ళీ అడిగింది గొంతు.

ఆమె చేతులు జోడించి చూస్తూ ఊరుకుంది, ఆ తల్లి ఇన్నేళ్ళూ ఊరుకున్నట్టే. జనంలో గుసగుసలు బయల్దేరాయి. "బదులు చెప్పు ముసలీ, మధ్యాహ్నం దాటిపోతోంది," అన్నాడు జ్వాలాకేతుడు. అతని నుదుట చెమట పట్టింది.

పిశాచం పదివేళ్ళూ ఆడించి శంఖాల నుంచి దారాలు గబగబా లాగింది. ఈసారి వెలువడింది పదేళ్ళ పిల్లవాడి ఏడుపు. "నాగసానమ్మా, చెయ్యి కాలింది. మంటగా ఉంది, ఊదు."

అది కొమ్మన గొంతే. కొలిమి పేలిన నాటిది. నాగసాని మొహం చెదిరింది. పెదవులు విడివడ్డాయి.

కొమ్మన సుత్తి ఎత్తాడు. పిశాచం ఒళ్ళు కదల్చకుండా మెడ ఒక్కటే వెనక్కి తిప్పి అతన్ని చూసింది.

"కొమ్మనా," అంది మెత్తగా, చనిపోయిన అతని తండ్రి గొంతుతో. "అది నా సుత్తిరా. కింద పెట్టు, చేతులు కాల్చుకుంటావు. ఎంత పెద్దవాడివయ్యావురా. ఒక్కసారి పిలువు, వింటాను."

'నాన్నా' అన్న పిలుపు గొంతుదాకా వచ్చింది. నోట్లోంచి జారబోయే మాటను ఆపడానికి కొమ్మన నాలుక కసుక్కున కొరుక్కున్నాడు. నోటినిండా నెత్తురు. ఆ కసితో, తాత రెండు పోతలు కలిపి అతికిన చోట, దేవత కంఠం లోపలి వైపున, బలమంతా పెట్టి కొట్టాడు.

విగ్రహం మోగింది. ఆరు నెలల నుంచి గంట వినని నగరం మీద ఆ మోత కొండచరియ విరిగినట్టు పడింది. రెండో దెబ్బకు కంఠం నిలువునా పగిలింది. శంఖాలు ఒకదాని వెంట ఒకటి చిట్లాయి. వాటిలోని గొంతులు పిట్టల గుంపులా లేచి, పగులులోంచి బయటపడి, కొండ వెనక లోయకేసి వెళ్ళిపోయాయి. కాసేపట్లో ఆ లోయలోంచి మూగవాళ్ళయినవాళ్ళంతా ఒక్కసారిగా కేకలు పెట్టడం వినిపించింది. పిశాచం ఒళ్ళు పొగమంచులా చెదిరింది. కొమ్మన ఊపిరాడక నోరు తెరిచాడు. తడిగుడ్డలాంటి చల్లదనం ఏదో అతని మొహాన్ని రాసుకుంటూ పోయింది. అతను దగ్గుతూ, సింహం కిందినుంచి పాకి, పీఠం పక్కన ఆ మోతకు కూలిన రాళ్ళ సందులోంచి గర్భగుడిలో పడ్డాడు.

జ్వాలాకేతుడి చేతిలో శంఖం పగిలి నెత్తురు కారుతోంది. అతను మంత్రం చదవలేదు, కత్తి దూయలేదు. గడప మీద నిలబడి జనంకేసి తిరిగి, వేలెత్తి చూపించాడు.

"మీ తల్లి గొంతు కోసినవాడు అడుగో."

లోపల ఏముందో చూడండని చెప్పడానికి కొమ్మనకు వ్యవధి లేదు. ముందువరసలో ఒక పండుముసలాయన వంగి రాయి తీసుకున్నాడు. "చచ్చిపోయిన మావాడు ఆ తల్లి నోట మాట్లాడుతున్నాడు," అన్నాడు ఏడుస్తూ. "ఈ పూట మావాడి మాట వినేది నేను. నా వంతు రానేలేదు." రాయి వచ్చి కొమ్మన చెవి పక్కన గోడకు తగిలింది. తర్వాత పది రాళ్ళు వచ్చాయి. కొమ్మన నాగసానిని రెండు చేతులా ఎత్తుకుని వెనక తలుపుకేసి పరుగెత్తాడు.

తలుపు దగ్గర కత్తి దూసి రేచన నిలబడి ఉన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఒక్కటే అడుగుతాను," అన్నాడు. "లోపల గౌరమ ఉందా?"

అబద్ధం చెబితే దారి దొరకవచ్చు. కొమ్మన అతని కళ్ళలోకి చూసి తల అడ్డంగా ఊపాడు.

రేచన కత్తి పైకి లేచింది. గాలిలో ఆగింది. వెనక నుంచి జనం అరుపులు దగ్గరవుతున్నాయి. అతను పక్కకు తప్పుకున్నాడు.

"దిగిపో. రేపు పొద్దున నిన్ను వెతుక్కుంటూ వస్తాను. దొరికావంటే ఇవాళ్టిలా చెయ్యను," అంటూ వాళ్ళు గడప దాటగానే తలుపు మూసి, లోపలి నుంచి గడియ వేశాడు. ఆ తలుపు మీద రాళ్ళు పడటం, రేచన ఎవరినో గద్దించడం వినిపించాయి.

కొండ వెనక మూడువందల మెట్లు లోయలోకి దిగుతున్నాయి. నడినెత్తిన సూర్యుడున్నా లోయలో పొగమంచు పేరుకుని ఉంది. పాచిపట్టిన మెట్ల మీద, ఒక పక్క బండ, ఇంకో పక్క అగాధం. కొమ్మన నాగసానిని దింపి చెయ్యి పట్టుకుని నడిపించాడు. యాభై మెట్లు దిగాక ఆమె కాలు జారింది. అతను గట్టిగా పట్టుకుని ఆపి, ధైర్యం చెప్పబోయాడు.

"భయపడకమ్మా, నేనున్నాను."

అతని నోట వెలువడింది తేనె పోసినట్టున్న గొంతు. ఇందాక దేవత పెదవుల మీదుగా వినిపించిన గొంతు. లోయ గోడలు ఆ మాటను తిరిగి తిరిగి పలికాయి.

కొమ్మన రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. మెడ లోపల, మింగిన ముద్ద కదిలినట్టు, ఏదో సర్దుకుని కూర్చుంది. అతను మెట్టు మీద వెనక్కి జరిగి, ఆమెను తనకు దూరంగా ఉండమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు.

నాగసాని అతని మొహంలోకి చూసింది. ఆరు నెలలు నగరమంతా ఎదురైనా ఆ గొంతుకు తల వంచని మనిషి. కింద పొగమంచులో, పర్ణశాలల వైపు నుంచి, ఎవరివో అడుగుల చప్పుడు, ఒకరిది కాదు, చాలామందివి, మెట్లెక్కి వస్తున్నాయి.

ఆమె ఒక మెట్టు దిగివచ్చి అతని నోటిమీది చెయ్యిని విడదీసి, తన చేతిలోకి తీసుకుంది.

"మాట్లాడకు నాయనా," అంది. "నడు."